వేన్నీళ్ళ రోజు

మిల్లు మూతపడ్డాక ఆ ఆవరణలో ఇంకా పనిచేస్తున్నది ఒక్క బాయిలరే. మగ్గాల మీద దుమ్ము పేరుకుంది. ఆఫీసుకి పైకప్పు లేదు. గేటు పక్కన కాపలావాడి గది ఉండాల్సిన చోట పెద్ద గుంట ఉంది. వెనకవైపు, షిఫ్టు దిగిన కార్మికులు ఒళ్ళు కడుక్కోవడానికని ఎప్పుడో కట్టిన స్నానాల గది మాత్రం గోడలు బీటలిచ్చినా నిలబడింది. దాన్ని ఆనుకునే బాయిలర్ గది. అందులో ఉండే మనిషిని పేటంతా బాయిలర్ బాబాయి అనేవారు. ఆయనకంటే వయసులో పెద్దవాళ్ళు కూడా బాబాయనే పిలిచేవారు. ఆయన కాదనేవాడు కాదు. పిలుపు దాకా ఎందుకు, అసలు దేనికీ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు.

ఊరి చుట్టూ పోరు మొదలయ్యాక అది రెండో చలికాలం. కరెంటు చుట్టపుచూపుగా వచ్చిపోయేది. ఇళ్ళలో కుళాయిలు ఎండిపోయాయి. గంజి కాచుకోవడానికే కట్టెలు లేని చోట ఒంటికి నీళ్ళెవరు కాస్తారు? అందుకని వారంలో ఒక రోజు ఆడవాళ్ళకి, ఒక రోజు మగవాళ్ళకి బాబాయి బాయిలర్ రాజేసేవాడు. మిల్లు బావిలో నీళ్ళకి కొదవ లేదు. కావలసిందల్లా పొయ్యిలోకి కట్టె. వచ్చేవాళ్ళు తలా ఒక కట్టె తెచ్చుకోవాలి. అదే టిక్కెట్టు.

కట్టెలంటే అడవి కట్టెలు కావు. కూలిన ఇళ్ళ తలుపులు, కిటికీ రెక్కలు, అలమర అరలు, కుర్చీ కాళ్ళు. నీలం రంగు తలుపు ముక్క పొయ్యిలో పడి రంగు బుడగలు కడుతుంటే అది ఎవరి ఇంటిదో బాబాయికి తెలిసేది, ఆ ఇంట్లో ఎవరూ మిగల్లేదనీ తెలిసేది. ఒకసారి ఒకామె ఉయ్యాల చెక్క తెచ్చి ఇచ్చింది. గుమ్మం దగ్గర కట్టెలు అందుకునే ఆయన కోడలు దాన్ని పొయ్యిలోకి పంపలేక గోడకి ఆనించి ఉంచింది. బాబాయి చూసి, తీసుకెళ్ళి నిప్పులో పెట్టాడు. తెచ్చినామెకి వేన్నీళ్ళు కావాలి గనక తెచ్చింది. ఆమె కట్టెని కాదనడం ఆమెని కాదనడమే అని ఆయన లెక్క.

ఆడవాళ్ళు వచ్చేటప్పుడు తలలు దించుకుని, గోడవారగా, ఎవరితో ఎవరూ మాట్లాడకుండా వచ్చేవారు. లోపల మొదటి చెంబు భుజాల మీద పడ్డాక మనుషులు మారిపోయేవారు. వీపులు తోమించుకోవడాలు, సబ్బు ముక్క కోసం పోట్లాటలు, ఒకళ్ళ కళ్ళలో ఒకళ్ళు నీళ్ళు కొట్టుకోవడాలు. టైలరమ్మ ఒక కట్టుబాటు పెట్టింది. "ఇక్కడ పోయినవాళ్ళ మాటెత్తితే చెంబు లాక్కుంటా. ఏడుపంతా ఇంటి దగ్గర పెట్టుకుని రండి. అక్కడ దానికి బోలెడంత చోటుంది" అనేది. రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని ఆవిడ అలా అంటుంటే ఎదురు చెప్పినవాళ్ళు లేరు. ఆవిడ భర్త పోరు మొదలైన కొత్తల్లోనే పోయాడు. ఇప్పుడు తల్లినీ కూతుర్నీ వెంటబెట్టుకుని వచ్చేది.

స్నానాల గదికీ బాయిలర్ గదికీ మధ్య ఇటుక గోడ ఒకటే అడ్డం. గొట్టాలు పోయే కన్నంలోంచి ఆడవాళ్ళ నవ్వులు ఇవతలికి వచ్చేవి. మాటలు తెలిసేవి కావు, తెలియాలని బాబాయికీ లేదు. బకెట్టు బోర్లించి దానిమీద కూచుని, పొయ్యి వంక చూస్తూ ఆ నవ్వులు వినేవాడు. పోరుకి ముందే భార్య పోయింది. చుట్ట మానేసి ఏడాదైంది, పొగాకు దొరక్క. కొడుకు వ్యాను నడిపేవాడు. మందులు తెస్తానని వంతెన దాటి వెళ్ళాడు, ఆ వారమే వంతెన కూలింది. ఆ తర్వాత కబురు లేదు. ఇక ఆ మనిషికి జీతమనండి, సరదా అనండి, గోడవతలి నవ్వే.

వానాకాలంలో ఒక గుండు మిల్లు వీధి మొదట్లో పడింది. బాబాయి చెవుల్లో కొన్నాళ్ళు ఈగల ముసురులాంటి హోరు ఉండి తగ్గిపోయింది. ఆ తర్వాత నుంచే ఆడవాళ్ళు నవ్వడం మానేశారు. మొదట ఆ వారం ఎవరో పోయి ఉంటారనుకున్నాడు. మరుసటి వారమూ అంతే. లోపలికి వెళ్తున్నారు, నీళ్ళు పోసుకుంటున్నారు, వస్తున్నారు. గోడవతల నిశ్శబ్దం. ఎంతకని నవ్వుతారులే అనుకున్నాడు. కాలం అంత పాడైపోయింది. వేన్నీళ్ళు కూడా వాళ్ళని నవ్వించలేకపోతున్నాయి. ఆ మాట ఎవరితోనూ అనలేదు గానీ లోపల ఏదో కుంగిపోయింది. అయినా పొయ్యి రాజెయ్యడం మానలేదు.

ఇంట్లోనూ అదే తీరు. కొడుకు వెళ్ళాక కోడలు మెల్లగా మాట తగ్గించేసింది. ఇద్దరూ ఒకే గిన్నె ముందు కూచుని తిని లేచేవారు. దిగులు ఆ పిల్ల నోరు కుట్టేసిందనుకున్నాడు. మాట్లాడమని అడగడానికి తనకి మాత్రం మాటలెక్కడున్నాయి?

ఇక్కడ బాయిలర్ సంగతి కొంచెం చెప్పాలి. నిప్పు గొట్టాల్లోంచి పోతుంది, గొట్టాల చుట్టూ నీళ్ళుంటాయి. నీళ్ళు గొట్టాల పైదాకా ఉన్నంతసేపూ భయం లేదు. మట్టం తగ్గి గొట్టాలు బయటపడితే ఇనుము ఎర్రబడుతుంది, మెత్తబడుతుంది, ఆపైన మొత్తం పేలుతుంది. చాలా ఏళ్ళ కిందట అద్దకం షెడ్డులో అలా పేలినప్పుడు బాబాయి వెళ్ళి చూశాడు. పైకప్పు రేకులు పక్క వీధిలో దొరికాయి. మనుషులు ఎలా దొరికారో ఆయన ఎప్పుడూ చెప్పలేదు.

నీటి మట్టం చూపించడానికి ముందువైపు గాజు గొట్టం ఒకటుండేది. గుండు పడిన రోజున అది పగిలింది. మళ్ళీ తెప్పించే దారి లేదు. ఇక మిగిలింది పక్కన ఒకదాని కింద ఒకటి ఉన్న మూడు కుళాయిలు. తిప్పితే నీళ్ళున్న ఎత్తులో నీళ్ళొస్తాయి, లేని ఎత్తులో ఆవిరొస్తుంది. కానీ ఆ వేడికి నీళ్ళు కూడా బయటపడగానే పొగలా విచ్చుకుపోతాయి. కంటికి రెండూ ఒకే తెల్లటి మబ్బు. తేడా చెప్పేది చెవే. నీళ్ళయితే తడి పిండి పెనం మీద వేసినట్టు చిటపటలాడుతూ బరువుగా వస్తుంది. ఆవిరయితే పొడిగా, సన్నగా బుస కొడుతుంది. ఆయనకి పని నేర్పిన ఫిట్టరు కుళాయి తిప్పేటప్పుడు కళ్ళు మూసుకోమనేవాడు. కళ్ళు నమ్మిస్తాయి, చెవులు చెబుతాయి అనేవాడు. బాబాయి ఇప్పటికీ కళ్ళు మూసుకునే తిప్పేవాడు.

ఆ రోజు ఆడవాళ్ళ వంతు. చలి ఎముకలు కొరికేస్తోంది, రద్దీ ఎక్కువగా ఉంది. పొయ్యి నిండుగా మండుతోంది. బాయిలర్లోకి నీళ్ళెక్కించే చేతి పంపు కొట్టి, నడిమి కుళాయి తిప్పి, కళ్ళు మూసుకుని విన్నాడు. బరువుగానే వినిపించింది. కట్టేసి నిప్పు ఎగదోశాడు.

పొద్దున పేటలోని బేకరీ ఆయన చేతులు కాచుకోవడానికి వచ్చాడు. వాళ్ళిద్దరికీ చుట్టరికం ఏమీ లేదు, వరస కలుపుకున్నారు. బేకరీ ఆయనది గాడిపొయ్యిలోంచి వచ్చినట్టుండే బొంగురు గొంతు.

"ఏం బావా, పిండి లేక నా పొయ్యి ఆరిపోయింది, నీ పొయ్యి మాత్రం పెళ్ళికొడుకులా వెలిగిపోతోంది."

"తలుపులు బాగా మండుతాయి."

"నిన్న మా పెరటి తలుపు ఊడింది. ఎవడైనా నీ దగ్గరకి మోసుకొస్తే చెప్పు, చివరి చూపు చూసుకుంటా."

బాబాయి మూతి కొంచెం కదిలింది. బేకరీ ఆయన వెళ్ళిపోయాడు. ఆయన గొంతు స్పష్టంగానే వినపడింది. దూరంగా కొండవైపు గుళ్ళు పేలితే అవీ వినపడేవి. అందుకే తన చెవుల మీద ఆయనకి ఏనాడూ అనుమానం రాలేదు.

మధ్యాహ్నం దాటాక భుజం మీద చెయ్యి పడింది. ఉలిక్కిపడి తిరిగాడు. కోడలు.

"ఎన్నిసార్లు పిలవాలి మావయ్యా? నీళ్ళు సన్నబడ్డాయంటున్నారు లోపల."

"పిలిచావా?"

"గుమ్మంలోంచి ఒకటే పిలవడం. ఈ గోలలో ఎవరికి వినపడుద్దిలెండి."

"గోలెక్కడిది?" అన్నాడు బాబాయి. పొయ్యి వైపు తిరిగి, చాలా రోజులుగా మనసులో ఉన్న మాట అనేశాడు. "పాపం, నవ్వడమే మర్చిపోయారమ్మా ఈ ఆడవాళ్ళు."

కోడలు ఏదో అంది. ఆయనకి అందలేదు. ఆమె ఎదురుగా వచ్చి నిలబడి, ముఖంలోకి చూస్తూ మళ్ళీ అంది.

"టైలరమ్మ బేకరీ ఆయన నడక నడిచి చూపిస్తోంది లోపల. గోడ పడిపోయేలా నవ్వుతున్నారు. మీకు వినపడట్లేదా?"

బాబాయి గోడ వైపు చూశాడు. లేచి వెళ్ళి అరచెయ్యి ఆనించాడు. ఇటుక అతి సన్నగా వణుకుతోంది, ఆగుతోంది, మళ్ళీ వణుకుతోంది. కన్నం దగ్గర చెవి పెట్టాడు. ఏమీ లేదు.

ఆయన చూపు కుళాయిల మీదకి పోయింది.

"ఇటు రా," అన్నాడు. "నేను తిప్పుతాను, నువ్వు విని చెప్పు. పెనం మీద పిండిలా చిటపటలాడుతోందా, పాములా బుస కొడుతోందా?"

పై కుళాయి తిప్పాడు. "బుస," అంది. నడిమిది తిప్పాడు. ఆయన చెవికి బరువుగానే ఉంది. అన్ని వారాలూ ఎలా ఉందో అలాగే ఉంది.

"బుస."

అడుగు కుళాయి తిప్పాడు.

"ఇదీ బుసే మావయ్యా. ఇంకా సన్నంగా. ఏమైంది?"

బాబాయి కుళాయి కట్టేశాడు. "లోపలికి పో. అందర్నీ ఆవరణ దాటించు. తలమీద సబ్బుంటే ఉండనీ, చీర తడిస్తే తడవనీ. నేను రాకూడదు లోపలికి, నువ్వే వెళ్ళాలి. పరిగెత్తు."

ఆమె పరిగెత్తింది. బాబాయి చెయ్యి దానంతటదే పంపు పిడి మీదకి పోయింది. నీళ్ళు తగ్గాయి, నీళ్ళు కొట్టాలి అంటుంది చెయ్యి. కాలిన ఇనుము మీద చన్నీళ్ళు పడితే ఏమవుతుందో అద్దకం షెడ్డులో చూసినవాడు గనక ఆ చేతిని రెండో చేత్తో లాగి తీశాడు. పొడవాటి ఇనప కొంకి అందుకుని పొయ్యి తలుపు తెరిచాడు. మండుతున్న తలుపు చెక్కల్ని, నిప్పుల్ని బయటికి లాగడం మొదలుపెట్టాడు. నిప్పులు పాదాల చుట్టూ పడ్డాయి. పిక్క మీద పంచె అంటుకుంటే చేత్తో చరిచి ఆర్పాడు. పొయ్యి ఖాళీ అయ్యాక బూడిద ఎత్తి లోపలికి చల్లి తలుపు మూసేశాడు. ఇక చెయ్యగలిగింది ఏమీ లేదు. బయటికి పోవచ్చు, పోలేదు. బాయిలర్ మూలుగుతూ ఉండి ఉంటుంది, చల్లారే ఇనుము మూలుగుతుంది. ఆయనకది అరికాళ్ళలో తెలిసింది. అది ఆగేదాకా అక్కడే నిలబడ్డాడు.

పేలలేదు.

బయట ఆవరణలో ఆడవాళ్ళు తడిబట్టలతో, నురగ కారుతున్న జుట్టుతో, వణుకుతూ నిలబడ్డారు. గుండు పడబోతోందనుకున్నారు వాళ్ళు. ఆ తొక్కిసలాటలో టైలరమ్మ తల్లి సబ్బునీళ్ళ మీద జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఒక తలుపు మీద పడుకోబెట్టి మోసుకుపోయారు. కాల్చడానికి తెచ్చిన తలుపే అది.

మర్నాడు బాయిలర్ పూర్తిగా చల్లారాక, బాబాయి మూత విప్పి లోపల చూశాడు. పక్కన బేకరీ ఆయన ఉన్నాడు. పై వరస గొట్టాలు నీలంగా కమిలిపోయాయి. వాటిమీద ఉప్పు పెచ్చు ఎండి బీటలేసింది. చేతి పంపు విప్పితే లోపల తోలు వాషరు అరిగిపోయి ఉంది. కొట్టిన నీళ్ళలో సగం వెనక్కే జారిపోతున్నాయన్నమాట. గుండు దెబ్బకి ఆయన చెవుల్లో బరువు శబ్దాలే మిగిలాయి, సన్నటివి పోయాయి. చెవులు బాగుంటే ఆ సంగతి మొదటి రోజే కుళాయి చెప్పి ఉండేది.

"అంటే..." అన్నాడు బేకరీ ఆయన.

"అంతే. ఇంకొక్క తలుపు వేసుంటే చాలు, పేలిపోయేది."

బేకరీ ఆయన అరిగిన వాషరుని అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత వంగి, మాట బాగా అందేలా దగ్గరగా అన్నాడు. "బావా, నా మాట విను. పంపు చెడిందని చెప్పు. అబద్ధం కూడా కాదు, వాషరు కళ్ళెదురుగా ఉంది. నీ చెవుల సంగతి నాకు తెలుసు, కోడలికి తెలుసు. అక్కడితో ఆపు. జనానికి కావాల్సింది వేన్నీళ్ళు, నీ చెవులు కాదు."

"చెవులు లేకుండా వేన్నీళ్ళెలా వస్తాయి?"

"ఏదో ఒకటి చేస్తావు. చేతిపనివాడివి. నిజం చెప్పావనుకో, చెవిటివాడి బాయిలర్ పక్కన ఏ తల్లి తన పిల్లని కూచోబెడుతుంది? ఉన్న ఒక్క సుఖం కూడా పోతుంది వీళ్ళకి."

ఆ మాట బాబాయిని రాత్రంతా తొలిచింది, ఎందుకంటే అందులో అబద్ధమేమీ లేదు. వాషరు మార్చి, నోరు మూసుకుంటే చాలు. గొట్టం మీద చెయ్యి పెట్టి వణుకుని బట్టి మట్టం తెలుసుకోవచ్చేమో అని కూడా ఆలోచించాడు. తెలుసుకోలేడని ఆయనకి తెలుసు. తనకి రాని పనిని వచ్చినట్టు నటించే మనుషుల్ని జీవితమంతా చూశాడు. వాళ్ళంటే ఆయనకి మొదట్నుంచీ అసహ్యం. ఆ జాబితాలోకి తనని చేర్చుకోవడం వల్ల కాలేదు. తెల్లవారాక టైలరమ్మ ఇంటికి వెళ్ళాడు.

ఒకటే గది. కిటికీ దగ్గర కుట్టు మిషను, దాని మీద సగం తిప్పి కుట్టిన పాత కోటు. గోడవార మంచం మీద ముసలావిడ, కాలికి చెక్క కట్టి ఉంది. టైలరమ్మ కూచోమనలేదు. ఆయన నిలబడే చెప్పాడు. పంపు సంగతి చెప్పాడు, ఆ తర్వాత చెవుల సంగతి చెప్పాడు.

"ఎప్పట్నుంచి?"

"వానల్లో గుండు పడ్డప్పట్నుంచి."

"అంటే ఇన్ని వారాలూ మా అమ్మనీ, నా పిల్లనీ తీసుకొచ్చి నీ బాంబు పక్కన కూచోబెట్టుకున్నానన్నమాట. బయట బాంబులు చాలనట్టు."

"అవును."

"తెలిసే చేశావా?"

"తెలీదమ్మా. మీరే నవ్వడం మానేశారనుకున్నాను."

టైలరమ్మ అప్పటిదాకా మిషను చక్రం మీద ఆనించిన చెయ్యి తీసేసింది. "మాకు నవ్వొచ్చే చోటు అదొక్కటే బాబాయ్. అక్కడ కూడా నవ్వట్లేదని ఎలా అనుకున్నావు? అలా అనుకుని మళ్ళీ వారం వారం నీళ్ళెలా కాచావు?"

మంచం మీంచి ముసలావిడ ఏదో అంది. ఆయనకి వినపడలేదు. టైలరమ్మ వైపు చూశాడు. ఆమె తిరిగి చెప్పలేదు. గుమ్మం వైపు చూపించింది.

స్నానాలు ఆగిపోయాయి. చలి ముదిరింది. పిల్లల వేళ్ళ సందుల్లో గజ్జి మొదలైంది, పేలు ఇంటింటికీ పాకాయి. తల్లులు పిల్లలకి గుండ్లు చేయించి, గోకకుండా చేతులకి గుడ్డలు కట్టారు. వీధిలో ఎదురైనప్పుడు కొందరు బాబాయిని చూసి తలతిప్పుకున్నారు. ఇంకొందరు ఆగి, ఎప్పుడు రాజేస్తావని అడిగారు. వీళ్ళని చూడటమే ఆయనకి ఎక్కువ కష్టమైంది. ఈలోగా టైలరమ్మ తల్లికి ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. మంచం దిగకుండానే పోయింది. మోసేవాళ్ళలో బాబాయి కూడా భుజం పట్టబోతే టైలరమ్మ వద్దనలేదు, పట్టమనీ అనలేదు. ఆయన వెనక నడిచాడు.

ఆ తర్వాత ఒక సాయంత్రం గంజి తాగుతూ కోడలు ఆయనకి ఎదురుగా జరిగి కూచుంది.

"నాకు నేర్పండి. నేను వింటాను."

"ఇదేం పిల్లలాట కాదు."

"ఆ రోజు బుస అని చెప్పిందెవరు మరి?"

"ఒకసారి చెప్పడం వేరు. ప్రతిసారీ చెప్పడం వేరు. ఒక్కసారి తప్పితే చాలు."

"మీరు తప్పలేదా?"

ఇంకెవరైనా ఆ మాట అంటే అరికాలి మంట నెత్తికెక్కేది ఆయనకి. ఆ పిల్ల మామూలుగా, ఉప్పు తక్కువైందన్నట్టు అంది. గిన్నె కింద పెట్టి మళ్ళీ మాట్లాడింది.

"ఇన్నాళ్ళూ నేను మాట్లాడుతూనే ఉన్నాను మావయ్యా. మీరు పలక్కపోతే నామీద కోపం అనుకున్నాను. మందులకి బయల్దేరిన రోజు మీ అబ్బాయిని వెళ్ళొద్దని నేను గట్టిగా పట్టుబట్టలేదు కదా. అందుకే మాట మానేశారనుకున్నాను."

బాబాయి ఆమె పెదాల వంక చూస్తూ ఉండిపోయాడు. మాట పూర్తయ్యాక కూడా చూస్తూనే ఉన్నాడు.

"ఏమేం చెప్పావు?" అన్నాడు చివరికి.

"ఏముంటాయి. ఉప్పు అయిపోయిందని. చెప్పు తెగిందని. కల్లోకి వచ్చాడని."

"ఎలా ఉన్నాడు?"

"వ్యాను కింద దూరి ఏదో బాగుచేస్తున్నాడు. కాళ్ళే కనిపించాయి."

మర్నాడే మొదలుపెట్టారు. కమిలిన గొట్టాల్ని బాబాయి సుత్తితో తట్టి చూసి, ఒకటి పనికిరాదని రెండు చివరలా మూసి బిగించేశాడు. పాత బెల్టు తోలు కోసి పంపుకి కొత్త వాషరు చేశాడు. స్నానాల గదిలో ఎవరూ లేకుండానే, బాయిలర్ పొయ్యిలో విరిగిన మగ్గం చెక్కలతో చిన్న మంట పెట్టి ఆవిరి పుట్టించాడు. కోడల్ని గోడ వైపు తిప్పి నిలబెట్టి, తనిష్టమొచ్చిన వరసలో కుళాయిలు తిప్పేవాడు. ఆమె విని చెప్పాలి. మొదట్లో చాలాసార్లు తప్పు చెప్పింది. నీళ్ళు సరిగ్గా కుళాయి ఎత్తులో ఉన్నప్పుడు వచ్చే కలగలుపు శబ్దం దగ్గర ప్రతిసారీ తికమకపడేది. ఆయన మెచ్చుకునే రకం కాదు. "మళ్ళీ" అనేవాడు. సరిగ్గా చెప్పినా "మళ్ళీ" అనేవాడు. ఆమె చేతులు ఆవిరికి పొక్కిపోయాయి. ఒకరోజు కుళాయి తిప్పకుండానే "చెప్పు" అన్నాడు. "ఏమీ తిప్పలేదు మీరు" అంది గోడ వైపే ఉండి. ఆ రోజు ఆయన ఇక "మళ్ళీ" అనలేదు.

మళ్ళీ రాజేస్తున్నామని పేటలో చెప్పించాడు. కుళాయిల చప్పుడు ఎవరు వింటారో, ఎందుకు వింటారో కూడా దాచకుండా చెప్పమన్నాడు. ఆడవాళ్ళ రోజున కొద్దిమందే వచ్చారు. కొందరు గేటు దాకా వచ్చి, చంకలో కట్టె అలాగే పెట్టుకుని వెనక్కి పోయారు. టైలరమ్మ రాలేదు. ఆవిడ కూతురు మాత్రం ఎదురింటావిడ కొంగు పట్టుకుని వచ్చింది. గుమ్మం దగ్గర బాబాయిని చూసి ఆవిడ వెనక నక్కింది.

కోడలు కుళాయిల దగ్గర, ఆయన పొయ్యి దగ్గర. ఆమె చెయ్యెత్తితే పంపు కొట్టాలి, దించితే ఆపాలి. పొయ్యి వైపు చూడటం అలవాటైన కళ్ళు ఇప్పుడు ఆమె ముఖం వైపు చూడాల్సి వచ్చింది. మొదటి విడత స్నానాలు అయిపోయాయి. రెండో విడత సగంలో ఉండగా ఆమె నడిమి కుళాయి తిప్పింది, కట్టింది, మళ్ళీ తిప్పింది. ముఖం మారింది.

"నిప్పు లాగెయ్యండి."

బాబాయి అప్పుడే పంపు కొట్టాడు. కొత్త వాషరు, పిడి బరువు చేతికి తెలుస్తోంది. నీళ్ళు ఉండి తీరాలని ఆయన అనుభవమంతా చెబుతోంది. పొయ్యిలో నిండా కట్టె ఉంది, అంత కట్టె మళ్ళీ ఎప్పటికి పోగవుతుందో తెలీదు. లోపల ఉన్న కొద్దిమందీ ఇంకోసారి నురగతో బయటికి పరిగెడితే, ఇక ఆ గది గుమ్మం ఎవరూ తొక్కరు.

"సరిగ్గా విన్నావా?"

"తెలీట్లేదు. రెండూ కలిసినట్టుంది. లాగెయ్యండి మావయ్యా."

కొంకి అందుకున్నాడు. నిండు పొయ్యిని నేలమీదకి లాగేశాడు.

కోడలు లోపలికి వెళ్ళింది. ఈసారి కేకలు వెయ్యలేదు. గుమ్మంలో నిలబడి, నిప్పు తీసేశామని, బయటికి రమ్మని, మెల్లగా నడవమని చెప్పింది. వాళ్ళు బట్టలు చుట్టుకుని, ఒకళ్ళ చెయ్యి ఒకళ్ళు పట్టుకుని ఆవరణలోకి వచ్చి నిలబడ్డారు. ఎవరూ పడలేదు. ఎవరూ తిట్టనూ లేదు. టైలరమ్మ కూతురి తలమీద సబ్బు అలాగే ఉంది. ఎదురింటావిడ తన కొంగుతో ఆ పిల్ల కళ్ళు తుడిచింది.

బాయిలర్ చల్లబడి, ఆవిరి పూర్తిగా తగ్గాక బాబాయి నడిమి కుళాయి తిప్పాడు. ఇప్పుడు చెవితో పని లేదు. గోరువెచ్చటి నీళ్ళు ధారగా వచ్చి ఆయన చేతిమీద పడ్డాయి. కావలసినంత ఉన్నాయి.

కోడలు ఆ ధార వంక చూసింది. "తప్పు విన్నాను," అంది.

"తప్పే."

"అంత కట్టె పోయింది."

"పోయింది. రేపు కూడా అనుమానమొస్తే లాగమనే చెప్పాలి. నేను ఎదురు చెప్పినా సరే. ఇవాళ చెప్పబోయాను, చూశావుగా. నన్ను వినకు."

ఆమె తలాడించింది. స్నానాల గది తొట్టిలో నీళ్ళు ఇంకా పొగలు కక్కుతున్నాయి. కోడలు వెళ్ళి ఆవరణలో ఉన్నవాళ్ళని పిలిచింది. ఇద్దరు ముగ్గురు ఇళ్ళకి పోయారు. మిగతావాళ్ళు తిరిగొచ్చి, ఉన్న నీళ్ళతో తలలు కడుక్కుని, చలికి పళ్ళు టకటకలాడిస్తూ వెళ్ళిపోయారు. టైలరమ్మ కూతురు వెళ్తూ వెళ్తూ బాబాయి వైపు ఒకసారి చూసింది.

"తొట్టి అడుగున ఇంకా ఉన్నాయి," అన్నాడు బాబాయి. "చల్లారకముందే వెళ్ళి నువ్వు పోసుకో. ఇన్ని వారాలు గుమ్మం దగ్గర నిలబడి అందర్నీ పంపించావు, నువ్వొక్కసారి పోసుకోలేదు."

"గుమ్మం దగ్గర ఎవరుంటారు?"

"నేనుంటా. పో."

ఆమె కాసేపు తటపటాయించి లోపలికి వెళ్ళి గడియ పెట్టుకుంది. బాబాయి బకెట్టు తెచ్చి తలుపుకి వీపు పెట్టి, ఆవరణ వైపు తిరిగి కూచున్నాడు. కొండవైపు ఏదో పేలింది. అది వినపడింది. గేటు దగ్గర మనిషెవరూ లేరు. తలుపు కింది సందులోంచి వెచ్చటి ఆవిరి వచ్చి ఆయన మడమలకి తగిలింది. పాదాలు కొంచెం వెనక్కి జరుపుకున్నాడు.